ఓవర్సీరు గారి అర రోజు

ఈ ఏటి తుఫాను వానల్లో మా ఊరు పోగొట్టుకున్నదేమిటో ముందే చెప్పేస్తాను. మునిగిన నాట్లు రెండు వందల పన్నెండు ఎకరాలు. నీళ్లు తీశాక తిరిగి పచ్చబడ్డవి యాభై ఎనిమిది, పోయినవి నూట యాభై నాలుగు. అందులో మాది ఎకరా పది సెంట్లు. తెగిన రొయ్యల గుంటల గట్లు నాలుగు, కోళ్లు ముప్పై ఒకటి, మేకలు రెండు, మా మేనత్త ఇంటి వెనక గోడ ఒకటి. పోయిన ప్రాణాలు సున్నా. నష్టం రాసుకోవడానికి వచ్చిన సచివాలయం అబ్బాయి ఆ సున్నాను దాటి తర్వాతి గడికి వెళ్లిపోయాడు గాని, నేను మాత్రం అక్కడే ఆగాను. నా చిన్నప్పటి తుఫానులో ఆ గడిలో సున్నా లేదు. ఈసారి మూడు రోజుల ముందే ఫోన్లు మోగాయి, బస్సు వచ్చింది, ముసలివాళ్లను ఎత్తి ఎక్కించుకుపోయి వేడన్నం పెట్టారు. ఆ సున్నా కోసం ప్రభుత్వానికి రెండు చేతులా దండం పెడతాను. ఇక్కడినుంచి రాసేదంతా ఆ చేతులతోనే రాస్తున్నానని గుర్తుంచుకోండి.

ఆ అబ్బాయి మంచివాడు. నన్ను చూడగానే, "లెక్కలక్కా, పొలంలోకి దిగి నిలబడు, ఫోటో తియ్యాల. ఫోటో లేకుంటే పొలం ఉన్నట్టే కాదంట" అన్నాడు. మరి నేను ఉన్నట్టేనా అని అడిగితే, "వేలిముద్ర పడితే ఉండావు, పడకపోతే మళ్లీ రావాల" అని నవ్వాడు. మూడోసారికి పడింది. అంతా రాసుకున్నాడు గాని, నీళ్లు పొలాల్లో ఎనిమిది రోజులు ఎందుకు నిలిచిపోయాయో రాయడానికి అతని దగ్గర గడి లేదు. ఆ సంగతి నాకు తెలుసు. మొగ తెరవడానికి అనుమతి ఏడో రోజున వచ్చింది, యంత్రం ఎనిమిదో రోజున వచ్చింది, పని మూడు గంటల్లో అయిపోయింది.

మొగ అంటే మా కాలువ సముద్రంలో కలిసే చోటు. ఎండాకాలమంతా అలలు ఇసుక తెచ్చి దాన్ని పూడుస్తాయి, వానాకాలంలో ఆ ఇసుకమేటను తవ్వకపోతే కాలువ వెనక్కి తన్ని పొలాల మీద పడుతుంది. నా చిన్నతనంలో ఆ తవ్వకానికి ఎవరినీ అడిగే పనే ఉండేది కాదు. కాలువ ఒడ్డున పాతిన తాటిమొద్దుకు ఒక గాటు ఉండేది. నీళ్లు ఆ గాటును ముంచగానే మా పెదనాన్న కేకవేసేవాడు, సముద్రం ఆటు మీద ఉన్న సమయం చూసుకుని ఇంటికొక మనిషి పార పట్టుకుని వెళ్లేవారు. పొలమున్న ఇల్లా, లేని ఇల్లా అన్న తేడా లేదు, నీళ్లకు అందరి గడపా ఒకటే. అప్పటికి మా ఊరు నలభై ఆరు ఇళ్లు.

ఈ పనిరోజుల లెక్క మా ప్రార్థన మందిరం వెనక గోడ మీద ఉండేది. ఊళ్లో సున్నం పూసిన ఇటుక గోడ అదొక్కటే. మందిరం ఊడ్చి గంట కొట్టే మా నాన్నే ఆ లెక్కా రాసేవాడు. ఇంటికొక వరుస, రోజుకొక బొగ్గు గీత. మధ్యాహ్నం దాటి వచ్చినవాడికి పొట్టి గీత, అంటే అర రోజు. మనిషిని పంపలేని ఇల్లు మరుసటి ఏడు తీర్చుకోవాలి, ఎక్కువ చేసిన ఇంటికి ఊరు బాకీపడాలి. తీరిన గీతకు అడ్డంగా కొట్టడమే గాని చెరపడం మా నాన్న ఒప్పుకునేవాడు కాదు. ఏటా క్రిస్మసుకు మందిరమంతా సున్నం కొట్టినా ఆ గోడను మాత్రం వదిలేసేవారు. ఏడో తరగతితో బడి మానేసిన నేను కూడికలూ తీసివేతలూ నేర్చుకున్నది ఆ గోడ దగ్గరే. ఇవాళ రొయ్యల గుంటల కూలీల హాజరు నేను వేస్తే ఒక్కరూ పేచీ పెట్టరంటే ఆ పుణ్యం నాన్నది. ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన ఏడాది బొగ్గుముక్క నా చేతిలో పెట్టాడు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు, పెళ్లయి పక్క వీధిలోనే కాపురం.

అంతకు రెండేళ్ల ముందు మొగ దగ్గర ఒక రేకు బోర్డు వెలిసింది. ఇకమీదట ఆ కాలువ ప్రభుత్వానిది, గట్టుగాని మేటగాని తవ్వినవారు శిక్షార్హులు అని దాని సారాంశం. నిజం చెప్పాలంటే ఆ రోజు ఊరు సంతోషించింది. ఇక పారలు మోయనక్కర్లేదు, సర్కారే కూలి ఇచ్చి తవ్విస్తుంది అనుకున్నాం. మొదటి ఏడు అలాగే తవ్వించారు కూడా. కాలువను చూడటానికి ఓవర్సీరు గారని ఒకాయన సైకిలు మీద వచ్చేవారు. సన్నగా ఉండేవారు, టోపీ కింద తువ్వాలు కప్పుకునేవారు, వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఒక చెంబెడు మజ్జిగ తాగేవారు.

నేను బొగ్గుముక్క పట్టిన మొదటి ఏడే పెద్ద వాన పడింది. రెండో రోజుకు గాటు మునిగింది. నలభై ఆరు సంతకాలూ వేలిముద్రలూ పెట్టి అర్జీ పంపాం. ఓవర్సీరు గారు కూడా పైకి రాశారు. నాలుగు రోజులు గడిచినా జవాబు రాలేదు. కొత్త నాట్లు అయిదారు రోజులకు మించి నీళ్ల కింద బతకవు. అయిదో రోజు పొద్దున పెదనాన్న బోర్డు ముందు నిలబడి, "మన చేను మునగతా ఉంటే మనం గాక ఎవురొస్తారబ్బా? ఈ రేకు ముక్క వచ్చి తవ్వతాదా?" అని కేకవేశాడు. ఇళ్లలోంచి పారలు బయటికొచ్చాయి. మొదటి రోజు నలభై ముగ్గురు, రెండో రోజు నలభై ఆరుగురు.

రెండో రోజు మధ్యాహ్నం దాటాక ఓవర్సీరు గారు వచ్చారు. సైకిలు ఇసుకలో పడేసి, ఆపండి, మీ మీదా నా మీదా కేసవుతుంది అని అరిచారు. ఎవరూ ఆగలేదు. అప్పటికి ఇంకా పది బారల ఇసుక మిగిలి ఉంది, పోటు తిరగడానికి రెండు గంటలే ఉంది. ఆయన కాసేపు సముద్రాన్నీ కాసేపు మునిగిన పొలాలనూ చూశారు. తర్వాత చెప్పులు విడిచి, మా మేనత్త చేతిలోని పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టారు. పోటుకు ముందే మొగ తెగింది. ఎర్రనీళ్లు సముద్రంలోకి దూకుతుంటే అందరితోపాటు ఆయనా మోకాలి లోతు బురదలో నిలబడి నవ్వారు. మా ఊరి నీళ్లు ఎప్పుడు వదలాలో మేమే చెప్పుకున్న ఆఖరి రోజు అదేనని అప్పుడు తెలియలేదు.

నేను చేసిన పొరపాటు ఆ సాయంత్రానిది. లెక్క లెక్కే కదా అని, అందరి గీతలూ గీసి, చివర కొత్త వరుసలో ఓవర్సీరు గారు అని రాసి, ఎదురుగా ఒక పొట్టి గీత గీశాను. ఆయనకు మా ఊళ్లో ఇల్లు లేదు గనుక ఆయన మాకు ఒక్క రోజూ బాకీ లేరు, అందుచేత ఆ అర రోజు ఊరే ఆయనకు బాకీ. నా లెక్కలో తప్పేమీ లేదు.

నాలుగో నాటి పొద్దున ఆయనే వచ్చి, మొగ ఎవరు తెంపారో విచారించడానికి పైఅధికారి ఆ మధ్యాహ్నమే వస్తున్నారని చెప్పారు. మాట్లాడుతూ మందిరం వెనక నీడలోకి వచ్చి గోడను చూశారు. వేలితో ఆ రెండు రోజుల గీతలూ లెక్కపెట్టుకుంటూ పోయి, "ఎనభై తొమ్మిది" అన్నారు. నా నోరు ఊరుకోలేదు. "ఎనభై తొమ్మిదిన్నర, సార్" అన్నాను.

"ఆ అర ఎవురిదమ్మా?"

"మీదే సార్."

ఆయన వేలు ఆ పొట్టి గీత దగ్గరే ఆగింది. మొగ తవ్విన ఇళ్లన్నీ పేరు పేరునా ఆ గోడ మీద ఉన్నాయి, వాటి కింద ఆయన ఉద్యోగం కూడా ఉంది. పెదనాన్న నెత్తి కొట్టుకుని, "ఏందమ్మే, నువ్వు లెక్క రాసినావా, సారు మెడకు ఉరితాడు రాసినావా?" అన్నాడు. ఇంత జరిగినా ఆయన చెరపమని మాత్రం అనలేదు. మజ్జిగ తాగి, చెంబు బోర్లించి, పైఅధికారికి ఎదురు వెళ్లాలని సైకిలెక్కారు. ఆడపిల్ల రాసిన లెక్కను చెరపమనడానికి ఆయనకు మొహమాటం అడ్డొచ్చిందో, భయపడటానికి మొహమాటం అడ్డొచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు.

నేను నాన్న మంచం దగ్గరికి వెళ్లాను. మాట సరిగా రాని నాన్న అంతా విని, ఎడమచేత్తో మూల ఉన్న సున్నం కుండను చూపించాడు. జీవితమంతా ఒక్క గీత చెరపనివ్వని మనిషి. మా ఆయన సున్నం కలిపాడు, మా మేనత్తా నేనూ కొబ్బరిపీచు కుంచెలతో కొట్టాం. ఎన్నో ఏళ్ల గీతలు రెండు పూతల్లో మాయమయ్యాయి. ఊరికి ఎవరెన్ని రోజులు బాకీయో, ఎవరికి ఊరెన్ని రోజులు బాకీయో అన్నీ పోయాయి. పెదనాన్న అందరినీ పిలిచి, ఇవాళ్టితో ఊళ్లో అందరి లెక్కా సున్నా, ఒప్పుకుంటారా అని అడిగితే ఒక్క ఇల్లూ కాదనలేదు. ఆ గోడ మీద పదకొండు రోజులు ఎక్కువగా చేసి ఉన్న మా మేనత్తే అందరికంటే ముందు తల ఊపింది.

మధ్యాహ్నం వచ్చిన పైఅధికారి, క్రిస్మసు ముందుగానే వచ్చిందే అంటూ మందిరాన్ని మెచ్చుకుని, కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయారు. సముద్రపు పోటుకు మొగ దానంతటదే తెగినట్టు ఓవర్సీరు గారు రిపోర్టు రాశారు. ఆ ఏడు మాకు పంట చేతికొచ్చింది.

మరుసటి వేసవిలో ఆయనకు బదిలీ అయింది. చెప్పి వెళ్లడానికి వచ్చినప్పుడు, ఊరివాళ్ల లెక్కలు ఊరు మాఫీ చేసుకుంది గాని మీది మాఫీ చేసే హక్కు మాకు లేదు, మీ అర రోజు అలాగే ఉంది అన్నాను. "ఉండనీమ్మా, ఎప్పుడన్నా వచ్చి తీసుకుంటా" అని నవ్వి, సైకిలు తొక్కుకుంటూ గట్టు వెంట వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఎక్కడున్నారో, ఉన్నారో లేదో కూడా తెలియదు.

ఇప్పుడు నష్టపరిహారం మధ్యలో ఎవరి చేతిలోనూ పడకుండా నేరుగా నా ఖాతాలో పడుతుంది. అది చిన్న మేలు కాదు. మొగ మీద స్తంభానికి కెమెరా ఉంది, అది రేయింబవళ్లు చూస్తుంది, ఎవరైనా పార పట్టుకుని వెళితే ఫోటో ఎక్కడికో చేరుతుంది. ఈసారి ఏడు రోజులూ మా కుర్రవాళ్లు పారలు పక్కన పెట్టుకుని ఫోన్లు చూస్తూ కూర్చున్నారు. వాళ్లది పిరికితనమని నేను అనను. ఆనాడు ప్రభుత్వం మా ఊరికి సైకిలు మీద వచ్చేది, దానికి దాహం వేసేది, పక్కకు చూడటం దానికి చేతనయ్యేది. స్తంభం మీది కంటికి ఎన్ని కుండల సున్నం కొడితే చాలుతుంది?

ఇప్పుడు మా ఊరు తొంభై మూడు ఇళ్లు. మందిరం వెనక గోడకు ఏటా సున్నం పడుతూనే ఉంది. దాని మీద కనబడే గీత ఒక్కటీ లేదు. నా దగ్గర మిగిలిన లెక్క ఒక్కటే: ఊరు ఓవర్సీరు గారికి బాకీ, అర రోజు.