వీపుకు అప్పజెప్పిన పాఠాలు

పోయిన నెలలో పెనుబల్లిలో మా మరదలి మనవడి అన్నప్రాసనకు వెళ్తే, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ అడ్డాకు విస్తట్లో భోజనం పెట్టారు. పొగలు కక్కే అన్నం ఆకు మీద పడగానే లేచిన ఆ వాసన, సగం పచ్చిగా, సగం కమిలినట్టుగా, కొంచెం వగరుగా ముక్కుకు తగలగానే, పక్కన కూర్చున్నావిడ ఏదో అడుగుతున్నా నా చెవికి ఎక్కలేదు. నాకు వినిపించింది వేరే. రెండు వేల రెండో సంవత్సరం, మా ఇంటి పంచ, నా ఒడినిండా అడ్డాకులు, చేతిలో సన్నగా చీల్చిన వెదురు పుల్ల, వెనక నుంచి ఆరేళ్ల పిల్ల గొంతు: "ఏడు ఎనిమిదులు యాభై ఆరు, నానమ్మా!"

మా ఊరు చర్ల దాటాక అడవి అంచున ఉంటుంది. మా మామగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మిరప, వరి సాగు మొదలుపెట్టారు. చుట్టూ కోయగూడేలు. మాకూ వాగు అవతలి పెద్ద ఊరికీ మధ్య అప్పట్లో వంతెన లేదు, జూలై నుంచి అక్టోబరు దాకా వాగు ఏ రోజు దారి ఇస్తుందో, ఏ రోజు ఇవ్వదో చెప్పలేం. మా ఊళ్లో ఉన్న ఒక్క గది బడికి ఒక్కరే సారు. ఆయనకు ఆ వేసవిలో బదిలీ అయింది, జూన్‌లో ఆయన స్థానంలో ఎవరూ రాలేదు, జూలైలోనూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అప్పటికి మా మనుమరాలు అనూష ఒకటో తరగతి పూర్తి చేసింది. మనవడు చంటి రెండేళ్లవాడు. మా అబ్బాయికి పొలం తప్ప లోకం లేదు. కోడలు విజయ నర్సు. పొద్దున ఆరింటికే టీకాల పెట్టె భుజాన వేసుకుని గూడేలు తిరగడానికి బయలుదేరితే తిరిగి వచ్చే వేళ ఆమెకే తెలియదు.

విజయ పిల్లను హాస్టల్లో వేద్దామంది. అది కాని మాటేమీ కాదు. వేంసూరు దగ్గర పల్లెలో పుట్టి, ఏడో ఏట హాస్టల్లో చేరి, అక్కడ చదివే ఆమె ఉద్యోగం తెచ్చుకుంది. నేను పాత పదకొండో తరగతి పాసైన దాన్ని, ఇంట్లోనే నేను చెప్తానన్నాను. మూడు రోజులు ఎడముఖం పెడముఖంగా ఉన్నాం. నాలుగో రోజు ఆమె తలకు నూనె పెట్టుకుంటూ షరతు చెప్పింది.

"సరే అత్తమ్మా, నాలుగేండ్లు మీరే చెప్పండి. పదేండ్లొస్తే పిల్ల నా చెయ్యి పట్టుకుని వాగు దాటుతది. అప్పుడు వాగు అవతలి హైస్కూల్ల ఆరో తరగతిల తీసుకుంటే మీరు గెలిచినట్టు. తీసుకోకపోతే మాత్రం ఆ జూన్‌లనే చంటిగాన్ని హాస్టల్ల వేస్త. పెద్దదాని దగ్గర చేసిన తప్పు చిన్నోడి దగ్గర చెయ్య."

నేను ఒప్పుకున్నాను. చంటి అప్పుడు పీట కింద దూరి పిల్లి తోక పట్టుకునే ప్రయత్నంలో ఉన్నాడు.

ఇంట్లో బడి అంటే బల్ల, గంట, కుర్చీలో కూర్చున్న పంతులమ్మ అనుకునేరు. రెండు పశువులు, పదకొండు కోళ్లు, కూలీలకు వంట, దోగాడే దశ దాటి పరుగెత్తే దశకొచ్చిన పసివాడు, వీటన్నిటి మధ్యా దొరికిన సందుల్లోనే ఆ బడి నడిచింది. వాకిట్లో చుక్కలు పెడుతున్నప్పుడు వరసకు ఏడు చొప్పున ఏడు వరసలకు ఎన్ని అని అడగడం, ఎసరు మరిగేలోగా మూడు గుణకారాలు, గంజి వార్చేలోగా ఒక భాగాహారం, పాలు పితుకుతూ ఎక్కాలు, మధ్యాహ్నం చంటి నిద్రపోయాక పంచలో అడ్డాకులు కుడుతూ చూసిరాత. చైత్రంలో తెల్లవారేసరికి అక్కా తమ్ముడూ గూడెం పిల్లలతో కలిసి ఇప్పచెట్ల కింద పడ్డ పువ్వు ఏరుకొచ్చేవారు, ఒళ్లంతా ఆ తియ్యటి మత్తు వాసనతో వచ్చి కూర్చుంటే అక్షరాల మీద చీమలు పాకేవి. మొర్రిపళ్ల కాలంలో పలక మీద ఊదారంగు వేలిముద్రలు, మిరపకాయలు ఎండే రోజుల్లో తుమ్ముల మధ్య పద్యాలు, తొలి ఏకాదశి నాడు నోటినిండా పేలపిండి పెట్టుకుని "ప" గుణింతం చదవబోయి ఇద్దరూ ఒకరి మొహం మీద ఒకరు ఊదుకోవడం. వానాకాలం బయటికి కదలలేని రోజుల్లో వామనగుంటల పీట ముందేసుకుని, గింజలు పంచుతూనే కూడికలు. గూడేల్లో కొత్త పంటకు చేసే కొత్తల పండుగ రోజుల్లో డోలు మోగితే పాఠం చెప్పినా వినేవాళ్లు లేరు, నేనూ చెప్పలేదు.

పాఠం జరిగిన ప్రతి రోజూ పంచాంగంలో గీత పెట్టుకునేదాన్ని. మొదటి ఏడాది నూట తొంభై ఎనిమిది, నాలుగో ఏడాది రెండు వందల ముప్పై ఎనిమిది, నాలుగేళ్లకు కలిపి ఎనిమిది వందల డెబ్బై ఆరు రోజులు. అందులో నేను ఆ పిల్లకు ఎదురుగా కూర్చున్న రోజులు ఎన్నో మాత్రం లెక్క పెట్టలేదు. పెట్టి ఉంటే అప్పుడే తెలిసేది. నేను ఎప్పుడూ పొయ్యి వైపో, గేదె వైపో, తిరగలి వైపో తిరిగి ఉండేదాన్ని, అనూష నా వీపుకు పాఠం అప్పజెప్పేది. పెరట్లో ఉంటే పెరట్లోకి వినపడేలా, కొట్టంలో ఉంటే కొట్టంలోకి వినపడేలా అరిచి చెప్పేది. తప్పయితే "మళ్లీ చెయ్యి" అనేదాన్ని, ఒప్పయితే "సరే, తర్వాతది" అనేదాన్ని. పక్కింటి ముత్తమ్మ కంచె మీదుగా నవ్వేది.

"పెద్దమ్మా, మీ పదమూడో ఎక్కం మా కోళ్లకు గూడ నోటికొచ్చింది. ఇంక పద్నాలుగోది షురూ చెయ్యి."

చంటి అక్క జడ పట్టుకుంటే గానీ నిద్రపోయేవాడు కాదు. షరతు సంగతి అనూషకు ఎవరం చెప్పలేదు, పెద్దవాళ్ల మాటల్లో విని తెలుసుకుంది. రెండు వేల ఆరు వేసవంతా నేను అడగకుండానే పలక పట్టుకుని నా వెనకాలే తిరిగింది.

జూన్ మొదటి వారంలో హైస్కూలుకు వెళ్లాం. బడి కాగితాలు లేని పిల్లలకు పెద్దసారు రెండు గంటల పరీక్ష పెట్టి ఏ తరగతికి సరిపోతారో తేల్చేవారు. ఆ రోజు పదకొండు మంది పిల్లలు గదిలో నేల మీద బారుగా కూర్చున్నారు. విజయ టీకాల డ్యూటీ ముగించుకుని వస్తానంది. నేను గది బయట అరుగు మీద, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. చేతులు ఊరుకోవు గదా, దారిలో కొన్న చింతచిగురు ఒళ్లో పోసుకుని పుల్లలు ఏరుతున్నాను. కాసేపటికి లోపల సన్నగా ఏదో గొణుగుడు, "మాట్లాడొద్దు" అని ఒక పంతులమ్మ గొంతు, మళ్లీ గొణుగుడు, మళ్లీ హెచ్చరిక. నేను చిగురులో పడి పట్టించుకోలేదు. అంతలో గది దద్దరిల్లేట్టు వినిపించింది.

"మూడు వందల ఎనభై నాలుగు, నానమ్మా!"

ఇరవై నాలుగు పదహార్లు. ఒప్పే.

"సరే, తర్వాతది" అన్నాను, చిగురు మీంచి తలెత్తకుండా, అంతే గట్టిగా.

పిల్లలందరూ ఒక్కసారిగా నవ్వారు. పంతులమ్మ కాగితం లాగేసుకుంది. కిటికీలోంచి నన్ను చూసి, "ఈ వయసుల మీకేం పనమ్మా ఇది, బయట కూసొని చెప్తున్నరా?" అంది. నేను లేచి నిలబడ్డాను, ఒళ్లో చిగురంతా అరుగు మీద చెల్లాచెదురైంది. అనూష ఏడవలేదు. బయటికి వచ్చి నా కొంగు పట్టుకుని, "చంటిగాన్ని పంపిస్తరా?" అని మాత్రం అడిగింది.

పెద్దసారు ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. తప్పు పిల్లది కాదు, నాలుగేళ్లుగా అరిచి చెప్పడమే నేర్పాను, నోరు మూసుకుని లెక్క చెయ్యడం నేర్పలేదు అన్నాను. ఆయన మీసం దువ్వుకుంటూ విన్నారు. "అమ్మా, ఇప్పుడు రాసినంత వరకే చూస్తే నాలుగో తరగతికి రాయాలి. కానీ లెక్క మాత్రం కరెక్టే చెప్పింది. పదిహేను రోజుల తర్వాత మళ్లీ తీసుకురండి. మీరు మాత్రం వాగు దాటొద్దు" అన్నారు.

తిరిగి వస్తుంటే డ్యూటీ ముగించుకుని విజయ ఎదురొచ్చింది, జరిగింది చెప్పాను. షరతు ప్రకారం ఆమె గెలిచింది. ఇప్పుడు ఒక్క మాటంటే చాలు, నేను తల వంచుకోవాలి. ఆమె విని, పిల్లను దగ్గరికి తీసుకుని గడ్డం పట్టుకుని ఒక లెక్క అడిగి, జవాబు వచ్చేదాకా మొహంలోకే చూసింది.

"అత్తమ్మా, దీనికి లెక్క చేసేటప్పుడు ముక్కు గిట్ల ముడుచుకుంటది, మీరెప్పుడన్న చూసిండ్రా?"

చూడలేదు. ఎనిమిది వందల డెబ్బై ఆరు రోజుల్లో ఒక్కసారీ చూడలేదు.

"నేను గూడ ఇయ్యాల్నే చూసిన" అంది.

మర్నాడే సెలవు పెట్టింది. పదిహేను రోజులు. ఉద్యోగంలో చేరాక అన్నేసి రోజులు ఇంట్లో ఉండటం అదే మొదలు. అనూషను ఎదురుగా కూర్చోబెట్టి, గ్లాసుతో నీళ్లిచ్చి, పుక్కిట పట్టమంది. మింగకూడదు, ఉమ్మకూడదు, అయిదు లెక్కలు అయ్యేదాకా నోరు తెరవకూడదు. మొదటి లెక్క జవాబు రాగానే నీళ్లన్నీ పలక మీద. రెండోది తల్లి చీర మీద. నేనూ పడతానని చంటి మారాం చేసి నోటినిండా నీళ్లు పోసుకుని, అక్క బుగ్గలు చూసి నవ్వాపుకోలేక ఆ బుగ్గల మీదే ఊదాడు. ఆ మొదటి రోజు అనూష ఏడుసార్లు ఓడిపోయింది. నేను వంటింట్లోంచి "సరే, తర్వాతది" అనబోయాను. విజయ గ్లాసు పట్టుకుని లోపలికొచ్చింది.

"మీరు గూడ పట్టండి అత్తమ్మా. ముందు మీ రోగం తగ్గాలె."

అరవై ఒకటో ఏట, నోట్లో నీళ్లతో పప్పు తాళింపు వేశాను. ఆవాలు చిటపటమంటుంటే ఇంట్లో ఇంకో శబ్దం లేదు. కంచె అవతల నుంచి ముత్తమ్మ గాభరాగా పరుగెత్తుకొచ్చింది.

"ఏందమ్మా, సప్పుడు లేదు? పిల్లలకు జొరం గిట్ల వచ్చిందా?"

నేను బుగ్గలు చూపించాను. ఆమె గుమ్మంలోనే కూలబడి నవ్వింది. తొమ్మిదో రోజుకు అనూష ఒక్కసారే ఓడిపోయింది. పన్నెండో రోజు నుంచి ఒక్క చుక్క పడలేదు. ఆ రోజుల్లోనే నేను మొదటిసారి చేతిలో పనేమీ లేకుండా గుమ్మంలో నిలబడి చూశాను. నిజమే, ముక్కు ముడుచుకుంటుంది. జవాబు దొరికిన క్షణాన ముడి విప్పుకుంటుంది. చెప్పక ముందే జవాబు వచ్చేసిందని తెలుస్తుంది.

రెండో పరీక్షకు తల్లీకూతుళ్లిద్దరే వెళ్లారు. తొలకరి పడి వాగు మోకాలి లోతు ఉంది. నేను చంటిని చంకనెత్తుకుని ఇవతలి గట్టున నిలబడ్డాను. ఆరేళ్లవాడు, బరువు. దించితే నీళ్లలోకి దిగుతాడని దించలేదు. సాయంత్రం నాలుగు దాటాక అవతలి గట్టు మీద ఇద్దరూ కనిపించారు. విజయ గొడుగు కింద ఏ సంగతీ తెలియనివ్వని మొహంతో నడుస్తోంది. అనూష గట్టు చివరికొచ్చి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, పదిహేను రోజుల నోరంతా ఒక్కసారి తెరిచింది.

"ఆరో తరగతి, నానమ్మా!"

ముత్తమ్మ వాళ్ల కోళ్లు కూడా బెదిరి ఉంటాయి. విజయ వాగు దాటొచ్చి చంటిని నా చేతుల్లోంచి తీసుకుంటూ, "మోసి మోసి చేతులు గుంజుతలేవా? ఇంక నాలుగేండ్లు మొయ్యాలె మీరు" అంది. ఆ మాటకు నేను ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

ఇప్పుడు వాగు మీద వంతెన ఉంది. పొద్దున ఏడున్నరకు పసుపుపచ్చ బస్సు మా వీధిలోకే వచ్చి పిల్లల్ని ఎక్కించుకుంటుంది, సాయంత్రం అయిదున్నరకు దింపుతుంది. మంచిదే, నేను కాదనను. అయితే ఆ పది గంటలూ ఊళ్లో ఎసరు మరుగుతుంది, ఆవాలు చిటపటమంటాయి, అంట్లు తోముతారు, ఏ ఇంట్లోంచీ ఒక పిల్ల గొంతు మాత్రం వినపడదు. ముత్తమ్మ లేదు. అనూష ఖమ్మంలో కాపురం చేసుకుంటోంది, చంటి హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు.

పెనుబల్లి నుంచి వచ్చాక ఒక లెక్క చేశాను. రెండు వేల ఆరు జూన్ నుంచి రెండు వేల పది జూన్‌లో చంటి ఆరో తరగతిలో చేరేదాకా నాలుగేళ్లు. మధ్యలో ఒక లీపు సంవత్సరం వచ్చింది గనక పద్నాలుగు వందల అరవై ఒక్క రోజులు. హాస్టల్లో ఉండి ఉంటే ఏడాదికి అన్ని సెలవులూ కలిపి డెబ్బై అయిదు రోజుల చొప్పున మూడు వందల రోజులు ఎలాగూ ఇంటికొచ్చేవాడు. అవి తీసేస్తే మిగిలినవి పదకొండు వందల అరవై ఒకటి. ఆ పిల్ల రెండు గంటలు నోరు మూసుకుని కూర్చుని తమ్ముడికి సంపాదించి పెట్టిన రోజులవి. నాకు కూడా.