వేసవిలో కరిగిపోయే మందు

నాన్న గొంతులోని రాచపుండు ముదిరి, ఆ వేసవిలో మింగడం ఆగిపోయింది. నొప్పికి డాక్టరుగారిచ్చిన మందును నాన్న అక్కగారు, అంటే మా మేనత్త, ఉగ్గుగిన్నెతో పోసేది. సగం ముక్కులోంచి తిరిగి వచ్చేది. ఒకరోజు పొలమారి ఆయన ముఖం నల్లబడిపోయింది. మందు పోసిన వేళలన్నీ నా డైరీలో ఉన్నాయి. లోపలికి ఎంత వెళ్ళిందో మాత్రం నాకు తెలియదు.

బెజవాడ వెళ్ళి ఆ మాటే డాక్టరుగారితో చెప్పాను. "ఇక నోట్లో ఏమీ పోయకండి. ఆసనం గుండా పెట్టండి" అన్నారు. కాంపౌండరు మైనంలాంటి ముద్దలో మందు కలిపి, చిటికెనవేలంత కడ్డీలు చేసి, రేకుడబ్బాలో పెట్టి ఇచ్చాడు.

"ఒంటి వేడికి కరగాలనే చేశానండీ. మీ బస్సు వేడికి కరిగిస్తే నన్ననకండి."

తడి ఇసుక పోసిన ముంతలో ఆ డబ్బా గుచ్చి, బందరు రోడ్డు పొడుగునా ఒళ్ళో పెట్టుకుని మా ఊరు చేరాను.

ఇంట్లో మందు సంగతి చెప్పగానే అత్త మండిపడింది. "నోరుండగా ఇదేం వైద్యంరా? మనిషి పరువు తీస్తావా?"

నాన్న కూడా వద్దని తల ఊపారు. రెండు రోజులుగా నొప్పికి మంచం పట్టె వదలకుండా పట్టుకునే ఉన్నారు.

"ఒక్కసారి చూద్దాం నాన్నా. గుణం లేకపోతే మళ్ళీ అడగను."

నాన్న గుసగుసగా అన్నారు: "తలుపెయ్. మీ అత్త తొంగి చూస్తుంది."

"నాకేం ఖర్మరా! చిన్నప్పుడు నీ ముడ్డి కడిగింది నేను కాదూ?" అంది అత్త గుమ్మం అవతల నుంచి.

నాన్నకు నవ్వొచ్చింది. నవ్వుతూనే గోడవైపు ఒత్తిగిల్లి మోకాళ్ళు ముడుచుకున్నారు. కడ్డీకి కాస్త ఆముదం రాసి, చెప్పినట్టే పెట్టాను. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: "మూడు గంటలకు మందు. నాలుగు కాకముందే పట్టె వదిలారు."

మర్నాటి నుంచి ఆయనే వేళ అడిగేవారు. అత్త తడిగుడ్డతో పెదవులు అద్దడం తప్ప నోట్లో చుక్క కూడా పోయలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మందు వేళకు ఆయన నిద్రలో ఉన్నారు. లేపబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ముఖం చూడరా. నొప్పి ఉన్నవాడి ముఖమా అది? పడుకోనీ."

చూశాను. నుదుటి మీద ముడత లేదు. మందు పక్కన పెట్టేసి ఆయన దగ్గరే కూర్చున్నాం. చీకటి పడకముందే, ఆ నిద్రలోనే, ఊపిరి ఆగింది.