భూమన్న కాక పాస్ చేయని బ్యాటరీ

భూమన్న కాక ఏ బ్యాటరీనైనా చెంపకు ఆనించుకోనిదే నమ్మడు. మీటరు చూపించే అంకె ఆయనకు సాక్ష్యం కాదు, చెంప చెప్పాలి. లోకంలోని బ్యాటరీల్లో మూడొంతులు ఆ చెంప దగ్గరే ఫెయిలయ్యాయి.

ఒక పెళ్లిలో భోజనాల బంతి మీద నుంచి లేచి వెళ్లి, డీజే వాళ్ల ఇన్వర్టర్ బ్యాటరీకి చెంప ఆనించి కూర్చున్నాడు. తాగి ఒరిగాడనుకుని పెళ్లివారు మొహాన నీళ్లు కొట్టారు.

"తాగలే. మీ బ్యాటరీకి జరమొచ్చింది," అన్నాడు కాక, తుడుచుకోకుండానే.

పది నిమిషాలకు పాట ఆగిపోయింది. కాక మాత్రం బంతిలోకి వెళ్లి పప్పు అడిగాడు.

ఆయన ముప్పై నాలుగేళ్లు బొగ్గుగని ల్యాంపు రూములో చేశాడు. గనిలోకి దిగే మనిషి ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం అప్పగించి బిళ్ల తీసుకోవాలి. కొక్కేనికి బిళ్ల మిగిలిందంటే కింద ఒక మనిషి మిగిలినట్టు. ఆ మనిషి వచ్చేదాకా కాక ఇంటికి పోయేవాడు కాదు. ఇప్పుడు గని మూతపడింది. కాక భార్య అంతకుముందే పోయింది. మా కాలనీలో సగం క్వార్టర్లకు తాళాలు, మిగతా సగానికి నాచు.

అలాంటి చోట మాకు మిగిలిన సంబరం ఆదివారం రిమోట్ కార్ల పందెం. మూరెడు పొడవుండే ఎలక్ట్రిక్ బండ్లు, గని గేటు ముందు ఖాళీ జాగాలో సున్నంతో గీసిన ట్రాక్. నేను మోటారు వైండింగ్ చేస్తాను. దేవదాస్ బస్సు మెకానిక్. జ్యోతిరాణి సిరిసిల్ల నుంచి వచ్చిన నేతింటి బిడ్డ. మరమగ్గం మీద తెగిన పోగులు ముడేసిన వేళ్లు కాబట్టి రిమోటు మీద ఆమెను గెలవడం కష్టం.

బ్యాటరీలన్నీ శనివారం కాక దగ్గరికి చేరాలి. ఒక్కోదాన్ని ఒక్కో మట్టికుండలో పెట్టి, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని, రోగి దగ్గర కూర్చున్నట్టు కూర్చుని ఛార్జి చేస్తాడు. ఆదివారం, ల్యాంపు రూములోలాగే, కాక పంచిన బిళ్ల ఇచ్చి ఎవరిది వాళ్లు తీసుకోవాలి. కలిసిపోకుండా బ్యాటరీ మీద గోళ్లరంగు చుక్క పెట్టుకున్నాం. నాది నీలం, జ్యోతిరాణిది ఎరుపు, దేవదాస్‌ది పచ్చ.

ఒకసారి దేవదాస్ ధగధగలాడే స్టిక్కరున్న కొత్త బ్యాటరీ తెచ్చాడు.

"కాకా, వంద సి అని రాసుంది చూడు. ఎంత కరెంటు గుంజినా ఇస్తది."

"గా అంకె అచ్చేసినోడు ఎన్నడన్న బండి నడిపిండా?" కాక దాన్ని చెంపకు ఆనించాడు. "స్టిక్కరు మంచిగున్నది. తీసి బీరువాకు అంటేసుకో."

కనెక్టర్ల దగ్గర ఇంకా దారుణం. జేబులో ఎప్పుడూ వైరు కోసే కట్టర్ ఉంటుంది. నచ్చని కనెక్టర్ కనిపిస్తే అడగకుండా కోసేస్తాడు. దేవదాస్ గుండ్రటి పిన్నులు వాడేవాడు. అవి ఎటైనా దూరతాయి. ఒకనాడు తొందరలో ఎరుపు, నలుపు తారుమారు చేశాడు. బండి కదల్లేదు కానీ పొగ మాత్రం అందరికంటే ముందుంది.

"ఎర్రదాంట్ల నల్లది పోతాందంటే అది కనెక్టర్ గాదురా, తలుపుల్లేని ఇల్లు," అని కాక రెండూ కోసి, ఒకే వైపు దూరే పసుపు కనెక్టర్ వేసిచ్చాడు.

నా సోల్డరింగ్ మీద నాకు గర్వం ఉండేది. కాక ఒక్కసారి పట్టి లాగాడు. వైరు చేతికొచ్చింది.

"ఊడగొట్టినవ్ కాకా."

"ఊడలే. నువ్వు అంటియ్యనే లేదు."

ఆయన మీద నవ్వుకోవడానికి మాకూ ఒకటి ఉంది. బొటనవేలి గోటి అంచున ఎప్పుడూ రంగు మరక. ఒక వారం నీలం, ఇంకో వారం పచ్చ.

"కాకా, ఈ వారం ఎరుపా? నాకన్న చెప్తే జోడి గాజులు తెద్దును," అనేది జ్యోతిరాణి.

"నా గోరు నా ఇష్టం బిడ్డా," అనేవాడు కాక, చేయి జేబులో పెట్టుకుని.

విచిత్రమేమిటంటే, పందేలు మొదలైన ఈ ఎనిమిదేళ్లలో కాక ఒక్క పందెం కూడా ఆడలేదు. ఆయన బండి దేవుడి పటంలా మెరుస్తూ గుడ్డ కింద ఉండేది. ప్రతి ఆదివారం ఒకటే మాట: "నా బ్యాటరీ ఫెయిల్. అయినా దీపమిచ్చెటోడు దిగడు తియ్యి."

ఈ వానాకాలం నోటీసు వచ్చింది. సోమవారం నుంచి ఆ జాగాలో పక్క ఓపెన్‌కాస్ట్ గనిలో తవ్విన మట్టి పోస్తారట. క్వార్టర్లూ ఖాళీ చేయాలి. కాక ఖానాపూర్‌లో చెల్లెలు గంగుబాయి ఇంటికి పోతున్నాడు. ఆయనకు ఈ మధ్య ఆయాసం కూడా ఎక్కువైంది. ఆఖరి ఆదివారం కాక బండి ఒక్కసారైనా నేల తాకాలని ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం.

ఆదివారం ముసురు. టార్పాలిన్ కింద కాక తన బ్యాటరీని చెంప నుంచి తీశాడు.

"ఫెయిల్."

జ్యోతిరాణి రిమోట్ కింద పెట్టేసింది. "నువ్వు ఆడకుంటే నేను గూడ ఆడ."

"మొండితనం జెయ్యకు. నీ కనెక్టర్ వదులైంది. మొగిలీ, ఇంట్ల సోల్డర్ వైరు రేకు డబ్బాల ఉంటది, పట్కరాపో."

కాక క్వార్టర్ పక్కనే. రేకు డబ్బాలు రెండున్నాయి. నేను రెండోది తెరిచాను. అందులో ఇసుక, ఇసుకలో చచ్చిన బ్యాటరీలు, ఒక్కోదానికి చీటీ. పైనున్నదాని మీద నీలం చుక్క. రెండేళ్ల కింద నా బండి గోడకు కొట్టుకున్నప్పుడు నొక్కుకుపోయిన మూల. "సాఫ్ జేసిన" అని కాక నాకు తిరిగిచ్చింది అదే అనుకున్నాను. చీటీ మీద ఇలా ఉంది: "మొగిలి. ఉబ్బింది. చెప్పొద్దు." పక్కనే మూడు గోళ్లరంగు సీసాలు. అడుగంటిన నీలం, ఎరుపు, పచ్చ.

కాక గోటి మీది మరకలు ఈ సీసాలవే. కాక బ్యాటరీలు ఎన్నడూ ఫెయిల్ కాలేదు. పాసైనవన్నీ చుక్క పెట్టుకుని మా బండ్లలోకి పోయాయి.

తిరిగొచ్చి, నా బండిలోంచి నీలం చుక్క బ్యాటరీ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇది జూడు కాకా."

చెంపకు ఆనించుకున్నాడు. ఫెయిలంటే, పొద్దున నాకు చెడ్డది ఇచ్చినట్టు. పాసంటే పందెం ఆడాలి.

"ఏ డబ్బా తెరిచినవ్ రా?"

"సోల్డర్ వైరుది."

"అబద్ధం."

"అబద్ధమే. గని మూసిన్రు కాకా. దీపమిచ్చెటోడు గూడ ఓసారి దిగొచ్చు. బిళ్ల ఇయ్యి."

తాళాల గుత్తికున్న తన పాత బిళ్ల తీసి నాకిచ్చాడు. బండి మీది గుడ్డ తీశాడు.

కనెక్టర్ బిగించుకుని ఆడి జ్యోతిరాణి గెలిచింది. దేవదాస్ బురదలో బోల్తా కొట్టాడు. కాక బండి వాళ్లకంటే మూడు చుట్లు వెనక, ప్రతి మలుపు దగ్గరా ఆగి ఆలోచిస్తూ వచ్చింది. బిళ్ల నా పిడికిట్లో ఉంది. ఎవరమూ ఇంటికి పోలేదు. వానలో నిలబడి ఆ మూడు చుట్లూ చూశాం.

బండి ఆగాక కాక బ్యాటరీ పీకి ఇచ్చి, బిళ్ల కోసం చేయి చాచాడు. నేను ఇవ్వలేదు. ముందు బ్యాటరీని నా చెంపకు ఆనించుకున్నాను.

"ఏమంటాంది?" అడిగాడు, ఆయాసపడుతూ.

"ఫెయిల్. వచ్చే ఆదివారం ఖానాపూర్ వచ్చి మళ్ల చూడాలె. బిళ్ల అప్పుడే."

కాక తలవంచుకుని బొటనవేలి గోరు గీక్కున్నాడు.

"వచ్చేటప్పుడు నీలం సీసా ఒకటి పట్కరా," అన్నాడు. "అయిపోయింది."