చచ్చిందని రాయలేని చేప

మా తమ్ముణ్ణి అందరూ చేపల మేస్త్రి అనేవారు. ఫ్యాక్టరీలు పంపే పొడుల్ని నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళలో చేపలు బతుకుతాయో చస్తాయో తేల్చే పరీక్షశాలలో వాడు చేపల్ని సాకేవాడు. అదే గదిలో నేను గాజుతొట్లు కడిగేదాన్ని. నా చదువు మూడో తరగతితో సరి. అయితేనేం, నేను కడిగిన తొట్టిలో ముఖం చూసుకోవచ్చు.

మేత వేస్తూ వాడు చేపలతో కబుర్లాడేవాడు.

"ఇంకెందుకురా, ఒకదాన్ని చూసి పెళ్ళి చేసుకో."

"ఆడపడుచు నోరు ఇలాంటిదని తెలిస్తే అది నీళ్ళలోంచి బయటికి రాదక్కా."

ఒకసారి బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ నుంచి తెల్లపొడి వచ్చింది. తొట్టికి పది చేపలు, నాలుగు రోజుల పరీక్ష. ఒక తొట్టిలో ఉత్త మంచినీళ్ళు, మిగతావాటిలో కొలత పెంచుకుంటూ పొడి. తీర్పంతా నడిమి తొట్టి మీదే. అందులో సగం చస్తే ఆ డబ్బాల మీద చచ్చిన చేప బొమ్మ వేయాలి, ఆ పొడి కలిసిన నీళ్ళు శుద్ధి చేయకుండా మా ఊరి వాగులోకి వదలకూడదు. సగం చావకపోతే బొమ్మా లేదు, అడ్డూ లేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి నడిమి తొట్టిలో నాలుగు పోయాయి. ఐదోది వంకరతోక. వేలెడంత లేనప్పటినుంచీ వాడు పెంచింది. పక్కకు వాలి నోరు తెరుస్తోంది. అలా వాలినదాన్ని బయటికి తీసినా చచ్చినట్టే రాయాలని పరీక్షశాల నడిపే మేడం మొదటిరోజే చెప్పింది.

"అక్కా, ఆ బేసిన్ ఇలా ఇయ్యి."

మంచినీళ్ళు నింపి ఇచ్చాను. గంటలో అది తేరుకుని తోక ఆడించింది.

"కళ్ళముందు ఈదుతున్నదాన్ని చచ్చిందని ఎలా రాయనక్కా?"

కూరలో ఉప్పెక్కువైతే నాలుగిళ్ళకు వినబడేలా అరిచే నేను, ఆ పూట నోరు మెదపలేదు. వాడి ముఖం అలా వెలిగిపోతుంటే చెడగొట్టబుద్ధి కాలేదు. ఆ తర్వాత మరొకటి చావలేదు. వాడు కాగితం మీద నాలుగే రాశాడు. మేడానికి వాడి మాటంటే మాటే, సంతకం పెట్టేసింది. వంకరతోక ఆ బేసిన్‌తో సహా మా ఇంటికొచ్చింది.

ఎండాకాలానికి వాగు తెల్లబడింది. వెల్లకిలా తేలిన చేపల పొట్టలవి. వాడు ఒడ్డు పొడవునా నడిచి చూశాడు. అటునుంచటే మేడం దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. పరీక్ష మళ్ళీ చేయించారు. డబ్బాల మీద బొమ్మ పడింది. వాడి ఉద్యోగం పోయింది. దానికి వాడేం ఏడవలేదు. రోజూ పొద్దున్నే వాగుకు వెళ్ళి, ఒక్క చేపైనా తిరిగొచ్చిందేమోనని వంగి వంగి చూసేవాడు. మూడేళ్ళు చూశాడు.

మంచం పట్టాక ఒకరోజు అన్నాడు: "ఊరందర్నీ తిడతావు కదక్కా. ఆ రోజు నన్నొక్క తిట్టు తిట్టి ఉండాల్సింది."

"మాటలాపి పాలు తాగు" అన్నాను.

వాడు పోయి ఏడాది. ఇప్పుడు పొద్దున్నే వాగుకు నేను వెళుతున్నాను. చూపు సరిగ్గా ఆనదు, అందుకని చాలాసేపు వంగి చూస్తాను. ఇంకా ఏదీ రాలేదు.

వంకరతోక మాత్రం ఆ బేసిన్‌లోనే తిరుగుతోంది. మేత వేస్తాను. దాన్నీ ఒక్కమాట అనలేకపోతున్నాను.