నేను చెరిపేసిన వల పాటలు

మూడేళ్ల క్రితం తణుకు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసేదాన్ని. మా స్టాఫ్‌రూములోని పాత కంప్యూటర్ ఆన్ అవడానికే పావుగంట పట్టేది. అలాంటి వాటిని కూడా చకచకా నడిపించే లైనక్స్ అనే చాలా చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటుందని చదివి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూశాను. నిమిషంలో తెర వెలిగింది! ఆ సంబరంలో దాన్ని కంప్యూటర్‌లోనే ఎక్కించబోయాను. డిస్కులో ఉన్నదంతా చెరిపేయమంటారా అని తెర మీద అడిగితే సరిగ్గా చదవకుండానే సరే అని నొక్కేశాను.

యానాం దగ్గర ఒక మత్స్యకార ముసలమ్మ పాడగా మా తెలుగు మాస్టారు రికార్డు చేసుకున్న వల పాటలన్నీ, అంటే వలలు లాగేటప్పుడు పాడుకునే పాటలన్నీ, ఆ డిస్కులోనే ఉండేవి.

"నా పాటలు కనపడట్లేదేంటమ్మా?" అని ఆయన అడిగితే భయపడిపోయి, "డిస్కు పాడైతే కొత్తది వేయించానండి. పాతదాన్ని బాగుచేయడానికి రాజమండ్రి పంపాను, వచ్చేస్తాయి" అని అబద్ధమాడాను.

"మీరు చూస్తున్నారు కదా, ఇంక నాకు బెంగ లేదు" అన్నారాయన. తర్వాత ఎప్పుడడిగినా "ఇంకా రాలేదండి" అనేదాన్ని.

నాలుగు నెలలకు ఆ ముసలమ్మ చనిపోయిందని ఆయనే చెప్పారు. "పోనీలెండి, పాటలైనా మనకు మిగిలాయి" అన్నారు. ఇక ఆగలేక, ఏడుస్తూ నిజం చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. "ఆ రోజే చెప్పుంటే మళ్లీ వెళ్లి పాడించుకునేవాణ్ణి కదమ్మా" అన్నారు.

ఆ పాటల్ని నిజంగా చెరిపేసింది నా అబద్ధమే. ఎక్కడైనా ఒప్పుకోవాలనిపించి ఇలా రాస్తున్నాను.