చెవుడన్నవాడి చేతికి రెండు బుష్షులు

మా నాన్నకు చెవుడని ఆ మెకానిక్ నలుగురిలో అన్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

నాన్న ముప్పై ఏళ్ళు మచిలీపట్నం నుంచి నాగాయలంకకు బస్సు తోలారు. రిటైరయ్యాక మా ఏడు సీట్ల వ్యాను ఆయన సొత్తయింది. ఆదివారం చర్చికి వెళ్ళాలన్నా, పెదపారుపూడిలో పిన్నిని చూసి రావాలన్నా స్టీరింగు దగ్గర ఆయనే ఉండాలి. మొన్న వేసవిలో, గుంటల్లో పడినప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమంటోందని బందరులోనే ఉన్న షెడ్డుకు తీసుకెళ్ళారు. నేనూ పక్కనే ఉన్నాను. మెకానిక్ బండిని ఓ రౌండు తిప్పుకొచ్చి, బెంచీల మీద టీ తాగుతున్నవాళ్ళందరికీ వినపడేలా మొదలెట్టాడు.

"చప్పుడూ లేదు, గిప్పుడూ లేదు మావయ్యగారూ. మోగేది బండి కాదు, మీ చెవులు. చెవుడొచ్చే ముందు అంతేనంట. తాళాలు పిల్లలకిచ్చేసి హాయిగా ఇంట్లో కూచోండి!"

అందరూ పకపకా నవ్వారు. నాన్న కూడా నవ్వారు. ఇంటికొచ్చాక మాత్రం తాళాలు నా చేతిలో పెట్టి, "ఇక నువ్వే తోలమ్మా, రేపు వెనక హారన్ వినపడకపోతే కష్టం" అన్నారు. ఆ తర్వాత ముందు సీట్లో కూర్చోవడం కూడా మానేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి నోట్లో మన్ను పడ అని నేను తిడుతుంటే, వాడి సంగతి దేవుడు చూసుకుంటాడులేవే అంది అమ్మ. దేవుడికి సవాలక్ష పనులు, ఈ ఒక్కటీ నేను చూసుకుంటానన్నాను. ఐటిఐలో ఫిట్టర్ పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. ఇంట్లో ఇనుమును బిగించి పట్టే వైసుంది, స్పానర్లున్నాయి, కావలసినంత కసి ఉంది.

రెండో శనివారం పొద్దున్నే వ్యానును జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ విప్పాను. అది అదరకుండా దానికుండే రెండు రబ్బరు బుష్షులూ చూడగానే కేక పెట్టాను. రబ్బరు చిరిగిపోయి లోపలి ఇనప గొట్టాలు లొడలొడలాడుతున్నాయి. దొరికావురా అనుకున్నాను. పాతవాటిని వైసులో పెట్టి పైపుముక్కతో బయటికి నెట్టాను. బజారుకెళ్ళి కొత్తవి తెచ్చి, సబ్బునీళ్ళు రాసి లోపలికి దింపాను. పిడి తిప్పిన ప్రతిసారీ వాడి మొహాన ఏమనాలో వల్లించుకున్నాను. ఆర్మ్ మళ్ళీ ఎక్కించి, పళ్ళు బిగబట్టి బోల్టు బిగించబోతుంటే వెనక నుంచి "ఆగు" అని వినిపించింది.

నాన్న. లుంగీ ఎగ్గట్టి నా పక్కన చతికిలబడ్డారు.

"చక్రం గాల్లో వేలాడుతుంటే బిగిస్తావేంటే? బండి దించగానే రబ్బరు మెలిపడి చిరిగిపోద్ది. ఇప్పుడు వదులుగా పెట్టు. చక్రాలు పలకల మీదకి దించి, బరువు పడ్డాక బిగించు."

పగలో పడి ఆ ఆలోచనే రాలేదు నాకు. సిగ్గేసింది. ఆయన పాత బుష్షు తీసి వెలుతురుకు పట్టి చూశారు. రబ్బరంతా ఒకే వైపుకు మెలితిరిగి చిరిగింది.

"పోయినేడు వాడే వేశాడు కదా ఇవి? గాల్లోనే బిగించేశాడు" అన్నారు.

అంటే చప్పుడు లేదన్నవాడే ఆ చప్పుడు పుట్టించాడన్నమాట. అగ్నికి ఆజ్యం పోసినట్టయింది నాకు. ఆయన చెప్పినట్టే బండి దించాక బోల్టు బిగించాను. సాయంత్రం, షెడ్డు దగ్గర బెంచీలు నిండే వేళ చూసుకుని, నాన్న వద్దంటున్నా వినకుండా ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి బయల్దేరాను. దారిలో ఒక్క గుంట కూడా తప్పించలేదు. టక్కుమంటే ఒట్టు.

బండి దిగి తిన్నగా వెళ్ళి, ఆ రెండు బుష్షులూ మెకానిక్ అరచేతిలో పెట్టాను.

"మా నాన్న చెవుల్లోంచి ఊడాయయ్యా. చూసుకో."

పనితెలిసినవాడే. ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు, మొహం మాడిపోయింది. "పొరపాటయిందండీ" అని గొణిగాడు.

"నాకెందుకు చెప్తావ్? ఎవర్నన్నావో ఆయనకి చెప్పు."

వ్యాను కిటికీ దగ్గరికెళ్ళి తల వంచుకుని, "తప్పు నాదేనండి మావయ్యగారూ" అన్నాడు.

నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అన్నారు.

అయ్యో, నిజంగానే వినపడదా ఈయనకి? ఇంట్లో ఇన్నాళ్ళూ నేనెలా గమనించలేదు? వాడు గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. నాన్న అయోమయంగా చూసి, "ఏంటీ?" అన్నారు. వాడు బెంచీల వైపు ఓ చూపు చూసి, గొంతు చించుకున్నాడు.

"తప్పు నాదే మావయ్యగారూ! చప్పుడు నిజమే! బుష్షులు తప్పుగా బిగించింది నేనే!"

రోడ్డవతల కిళ్ళీకొట్టాయన కూడా తలెత్తి చూశాడు. బెంచీల మీద ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాన్న చెవి దగ్గర నుంచి చెయ్యి తీశారు. "మొదటిసారే వినపడిందయ్యా" అన్నారు తాపీగా. తర్వాత బండి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవర్ తలుపు తీసి నా వైపు చెయ్యి చాపారు.

"తాళాలిటివ్వమ్మా."