ముందు లేచిన కార్డుకే తూర్పు

ఉద్యోగంలో ఇంకా నాలుగేళ్ళు మిగిలి ఉండగా, ఒక ఏప్రిల్ మొదటి వారంలో నన్ను కొత్తగూడెం నుంచి గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనికి బదిలీ చేశారు. హోదా ఎలక్ట్రానిక్స్, టెలికాం విభాగంలో సీనియర్ ఇంజనీరు. బొగ్గు తీసేవాళ్ళు మమ్మల్ని ‘వైర్ల సార్లు’ అనేవారు. అందులో కొంచెం ఎకసెక్కం ఉండేది. గని పేరు ఇక్కడ రాయను. తప్పు గనిది కాదు, నాది.

గని పైన కంట్రోల్ రూంలో ఒక కంప్యూటరు, దానికి రెండు తెరలు ఉండేవి. లోపల బొగ్గు తీసే చోట్లు రెండు: తూర్పు డిస్ట్రిక్టు, పడమర డిస్ట్రిక్టు. ఒక్కోచోట ఆరేసి సెన్సర్లు గాలిలో మండే గ్యాస్ మీథేన్ ఎంతుందో కొలిచి పైకి పంపేవి. అది ఒకటింబావు శాతానికి చేరితే అక్కడి మనుషుల్ని బయటికి పిలవాలి. అది నిబంధన, అందులో ఆలోచించేదేమీ లేదు. ఎడమ తెర తూర్పుది, కుడి తెర పడమరది. అంకెలు దూరానికి కనబడటం లేదని ఆపరేటర్లు అంటే నేను తెరపైన డిస్ట్రిక్టు పేరు చూపే శీర్షికలు తీసేసి అంకెల్ని రెండింతలు పెద్దవి చేశాను. డిస్ట్రిక్టుల పేర్లు తెరల చట్రాల మీద ఎర్ర పెయింటుతో రాయించాను. మోటారుకైనా, ఫ్యాను తలుపుకైనా గనిలో పెయింటుతో పేరు రాయడం మా అలవాటు. ఆ తర్వాత కంప్యూటరు లేవడానికి చాలాసేపు పడుతోందని వేగమైన కొత్త డిస్కు వేశాను. రెండు పనులకూ అందరూ నన్ను మెచ్చుకున్నారు. నన్ను నేను అంతకంటే ఎక్కువ మెచ్చుకున్నాను.

మొదటి షిఫ్టులో ఆపరేటరు స్వరూప. భర్త చనిపోయాక ఆయన స్థానంలో ఉద్యోగంలోకి వచ్చిన మనిషి, కమాన్‌పూర్ నుంచి బస్సులో వచ్చేది. ఒకరోజు పొద్దున కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేయడంతో కంప్యూటరు ఆగి మళ్ళీ లేచింది. గంట తర్వాత ఎడమ తెర మీద అంకెలు పెరగసాగాయి. అవి ఒకటింబావు తాకగానే స్వరూప తూర్పు డిస్ట్రిక్టుకు ఫోన్ చేసి అందర్నీ బయటికి రమ్మంది. కాసేపటికి పడమర నుంచి ఓవర్‌మన్ రాజమల్లు ఫోన్ చేశాడు. ఓవర్‌మన్ అంటే ఆ చోట మనుషులకూ పనికీ బాధ్యుడు. గ్యాస్ పెరిగితే తెగిపోయినట్టే తమ దగ్గర యంత్రాలకు కరెంటు దానంతటదే తెగిపోయిందని, పైన రీడింగు ఎంత చూపిస్తోందని అడిగాడు. స్వరూప కుడి తెర చూసి, చాలా తక్కువే ఉందని చెప్పింది.

రాజమల్లు ముప్పై ఏళ్ళు గనిలో పనిచేసినవాడు. చేతి మీటరును పైకప్పు దగ్గరికి ఎత్తి చూసుకుని ఫోన్లో ఒకే మాట అన్నాడట: “నీ తెర ఏమన్న చెప్పనీ బిడ్డా, నా చేతిల మీటర్ ఒకటింబావు దాటింది. నా మనుషులను తోలుకొని వస్తున్న.” పదకొండు మందిని వెంటబెట్టుకుని నడిచి వచ్చేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ గ్యాస్ పడమరలో ఉంటే తూర్పును ఖాళీ చేయించిన సంగతి సాయంత్రానికల్లా మేనేజరు బల్ల మీదికి చేరింది.

మేనేజరు నన్ను పిలిచి కంప్యూటరు సరిగ్గా ఉందా అని అడిగారు. వెళ్ళి చూశాను. మధ్యాహ్నం ఎవరో దాన్ని మళ్ళీ ఆపి లేపారు. తూర్పు తూర్పులోనే ఉంది, పడమర పడమరలోనే ఉంది. సిస్టం సరిగ్గానే ఉందని చెప్పాను. ఆ ఒక్క మాటతో స్వరూపకు మెమో వచ్చింది: ఒక డిస్ట్రిక్టుకు బదులు ఇంకో డిస్ట్రిక్టుకు ఫోన్ చేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకుంటే సస్పెన్షన్. ఇంతమంది ప్రాణాల విషయంలో సస్పెండైన ఆపరేటరు మళ్ళీ ఆ కుర్చీలోకి రావడం కల్ల.

మర్నాడు ఆమె మెమో పట్టుకుని నా గదికి వచ్చింది. ఏడవలేదు, బతిమాలలేదు. “సార్, నేను ఏ తెర మీద చూసిన్నో ఆ తెరకు రాసున్న డిస్ట్రిక్టుకే ఫోన్ చేసిన. తూర్పును పడమర అనుకునేటంత సోయి లేకుంట ఉన్ననా?” అని నిలబడింది. ఆమె వెళ్ళాక కంప్యూటరును ఐదారుసార్లు ఆపి లేపాను. ప్రతిసారీ సరిగ్గానే లేచింది.

లోపల వైర్లు తారుమారయ్యాయేమో చూద్దామని మూడో రోజు పొద్దున్నే గనిలోకి దిగబోయాను. దిగేముందు ల్యాంప్ రూంలో టోపీ దీపం తీసుకోవాలి. అక్కడ ఇన్‌ఛార్జి మొయిన్ భాయ్. గనిలో ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరున్న దీపం, అదే నంబరున్న ఇత్తడి బిళ్ళ ఉంటాయి; బిళ్ళ అక్కడ పెట్టి దీపం తీసుకెళ్ళాలి, పైకొచ్చాక దీపమిచ్చి బిళ్ళ తీసుకోవాలి. ఆ రోజు వరుసలో అందరికంటే ముందు నేనే. మొయిన్ భాయ్ నా చేతిలో పెట్టిన దీపం నంబరు నూట నలభై రెండు. ముందొచ్చిన నాకు ఒకటో నంబరు ఇవ్వొచ్చుగా భాయ్ అని సరదాకి అన్నాను.

ఆయన నవ్వలేదు. “గట్లెట్ల ఇస్తం సార్? ముందొచ్చినోనికి ఒకటి, ఎనుకొచ్చినోనికి రెండు అనుకుంట ఇస్తే, షిఫ్టు దిగినంక లోపల ఎవడు మిగిలిండో ఎట్ల తెలుస్తది? ఎవడు ఎప్పుడొచ్చినా ఎవని బిళ్ళ వానిదే” అన్నాడు.

దీపం టోపీకి తగిలించుకుని పది అడుగులు వేశానో లేదో, కాళ్ళు ఆగిపోయాయి. నేను ఆ రెండు తెరలకూ పేర్లు ఎలా పెట్టాను? ముందొచ్చినదానికి తూర్పు, వెనకొచ్చినదానికి పడమర. అంతే పెట్టాను. దీపం తిరిగిచ్చేశాను. తీసుకున్న దీపం లోపలికి దిగకుండా తిరిగొస్తే పుస్తకంలో కారణం రాయాలని మొయిన్ భాయ్ విసుక్కున్నాడు.

కంప్యూటరు లేచేటప్పుడు జరిగే ప్రతి సంగతినీ ‘లాగు’ అనే తన చిట్టాలో సెకనులో పదిలక్షలో వంతు దాకా గుర్తు పెట్టుకుని రాసుకుంటుంది. అంతకుముందు ఆ లాగును నేను నూరుసార్లు తెరిచి ఉంటాను, చదవడం మాత్రం అదే మొదలు. గడియారం, డిస్కు, కీబోర్డు, నెట్‌వర్కు, ఒక్కొక్కదాన్ని దాని డ్రైవరు పలకరించి లేపుతోంది. డ్రైవరంటే ఆ పరికరం మాటలు ఆపరేటింగ్ సిస్టంకు అర్థమయ్యేలా చెప్పే ప్రోగ్రాం. తెరను నడిపే డ్రైవరు, తెరకు బొమ్మ పంపే తన గ్రాఫిక్స్ కార్డును లేపుతుంది, దాని మెమరీ చూసుకుంటుంది, తెర తగిలించి ఉందో లేదో కనుక్కుంటుంది. అన్నీ కుదిరాక చిట్టచివర సిస్టం దగ్గర దాన్ని రిజిస్టరు చేయిస్తుంది. రిజిస్టరైన మరుక్షణం ఏ ప్రోగ్రామైనా ఆ కార్డును వాడుకోవచ్చు కాబట్టి ఆ పని ముందుగా చేయకూడదు; ల్యాంప్ రూంలో దీపాన్ని పరీక్షించాకే కౌంటరు మీద పెట్టినట్టు. ఇదంతా కంటి రెప్ప పడి లేచేలోపు జరిగిపోతుంది. నా ఉద్యోగమంతా నడిచింది ఈ రెప్పపాటు మీదనే, దాన్ని నేను ఒక్కసారీ చూడలేదు.

రిజిస్టరైన వరుసలోనే కార్డులకు సున్నా, ఒకటి అని నంబర్లు పడతాయి. మా కంప్యూటరులో బోర్డు మీదే ఉన్న కార్డొకటి, అది ఎడమ తెరది; విడిగా గుచ్చిన కార్డొకటి, అది కుడి తెరది. సున్నా కార్డుకు తూర్పు బొమ్మ, ఒకటి కార్డుకు పడమర బొమ్మ వెళ్ళేలా నేను రాశాను. గుచ్చిన కార్డు లేవాలంటే దాని ఫర్మ్‌వేరు, అంటే ఆ కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాం, డిస్కు నుంచి రావాలి. పాత డిస్కు నెమ్మది కాబట్టి ఆ కార్డు ఎప్పుడూ వెనకబడేది. అది నియమం కాదు, అదృష్టం. నేను వేసిన కొత్త డిస్కు ఆ తేడాను దాదాపు చెరిపేసింది. కరెంటు పోయిన రోజు లాగులో రెండు వరుసలు తారుమారై ఉన్నాయి. మధ్య తేడా సెకనులో వెయ్యోవంతులు నాలుగు. తూర్పు చట్రంలో పడమర బొమ్మ కూర్చుంది. నేను తీసేసిన శీర్షిక ఉండుంటే స్వరూప అప్పుడే పట్టుకునేది.

ఆ ఆపరేటింగ్ సిస్టం మూలకోడు అందరూ చదవొచ్చు. దాన్ని రాసినవాళ్ళు ఏయే దేశాల్లో ఉన్నారో, ఎవరో నాకు తెలియదు. అందులోని వివరణలో, ఈ నంబరు లేచినప్పుడల్లా మారవచ్చు, దీన్ని నమ్మి ఏదీ కట్టవద్దు అని సాదాసీదాగా రాసి ఉంది. నన్నెన్నడూ చూడనివాళ్ళు నేను చేయబోయే తప్పును ముందే ఊహించి రాసిపెట్టారు. సిగ్గేసింది.

లాగు తీసుకెళ్ళి మేనేజరుకు చూపించాను. ఆయన మైనింగు మనిషి; ఈ అక్షరాలు నాకొద్దు, తెర మీద చూపించండి అన్నారు. మధ్యాహ్నం, గడువు ముగియడానికి రెండు గంటల ముందు, కంట్రోల్ రూంలో ఆయనా రాజమల్లూ స్వరూపా నిలబడ్డారు. లోపలున్నవాళ్ళు చేతి మీటర్లతో చూసుకునే ఏర్పాటు చేసి, నేను కంప్యూటరు ఆపి లేపాను. సరిగ్గా లేచింది. మళ్ళీ చేశాను, సరిగ్గానే లేచింది. ఎనిమిదోసారికి మేనేజరు గడియారం చూసుకున్నారు. పదకొండోసారికి నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. పన్నెండోసారి అంకెలు వచ్చినప్పుడు ఎవరికీ తేడా తెలియలేదు. స్వరూప మాత్రం లోపలికి ఫోన్ చేసి, పడమరలో మొదటి సెన్సరు దగ్గర చిన్న సిలిండరులోంచి పరీక్ష గ్యాస్ పెట్టమంది. ఎర్ర పెయింటుతో తూర్పు అని రాసిన తెర మీద అంకె లేచింది.

మేనేజరు దాన్ని చూసి, మెమోను వెనక్కి తీసుకున్నారు. రాజమల్లు నా వైపు తిరిగి, “మీ కంప్యూటర్ కంటె మా అమ్మాయే నయం సార్” అన్నాడు.

తప్పు నాదని రాసిచ్చాను. నా సర్వీసు ఫైల్లో ఒక హెచ్చరిక చేరింది, అది న్యాయమే. శీర్షికల్ని మళ్ళీ పెట్టాను. కార్డును అది లేచిన వరుసతో కాకుండా బోర్డు మీద అది కూర్చున్న చోటుతో, తెరను దానికి తయారీలోనే వేసిన సొంత నంబరుతో గుర్తించేలా మార్చాను. వరుసలో ఎవరు ముందున్నారన్నది ఆ క్షణం సంగతే; ఎవరు ఎవరన్నది వేరే చోట రాసి ఉండాలి. ఇది ల్యాంప్ రూంలో అందరికీ తెలుసు. నాకు ముప్పై ఏళ్ళ సర్వీసు తర్వాత తెలిసింది.

నేను రిటైరయ్యే దాకా ఆ తెరలు మళ్ళీ తారుమారు కాలేదు. అయినా స్వరూప ప్రతి షిఫ్టు మొదట్లో రెండు డిస్ట్రిక్టులకూ ఫోన్ చేసి, పరీక్ష గ్యాస్ పెట్టించి, ఏ తెర కదులుతుందో చూసుకున్నాకే కుర్చీలో కూర్చునేది. ఇక అవసరం లేదని నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.